గజ్జి కాదు

మొదటి రోజు

పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది, అంటే వింటోందన్నమాట. విననీ.

నా పేరు సుంకులమ్మ. వయసు డెబ్బై ఒకటి, ఏడాది అటో ఇటో. అడుగూరు ఆరో ఆకుశాలలో తోటకూర మడులు చూసేదాన్ని. నాకు అక్షరం రాదు. నేను చెప్పేది ఈ రాతపెట్టె పుస్తకాల తెలుగులోకి సర్ది, రోజుకో కాగితంగా కమిటీకి పంపుతుందట. సర్దుకోనీ. నేను తిట్టిన చోట తిట్టు తీసేస్తే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను.

సంగతి ఇది. నాకు గజ్జి అని అద్దం, అంటే వైద్యం గదిలో జబ్బులు తేల్చే యంత్రం, రాసింది. ఒకసారి కాదు, మూడుసార్లు రాసింది. మూడు విడతలు మందు పూసినా తగ్గని అంటుజబ్బు మనిషిని అడుగూరిలో ఉంచకూడదని రూలు. ఇరవై ఒకటో రోజున కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా నేను ఈ వేరుగదిలో ఉండాలి, నా వాదన ఈ పెట్టెకు చెప్పుకోవాలి. వాదన నిలబడకపోతే నన్ను పైకి పంపుతారు. పైన ఏముంది? రేకుల షెడ్డు, సోలార్ పలకలు తుడిచే పని, రాయి పగిలే ఎండ. ఆ ఎండకు తాళలేకనే కదా మనమంతా ఈ నాపరాళ్ళ గనుల్లోకి దిగి పద్నాలుగేళ్ళుగా దీపాల కింద బతుకుతున్నాం!

నాకున్నది గజ్జి కాదు. గజ్జి నేను చూడని జబ్బా? నా చిన్నతనంలో ఊరు ఊరంతా గోక్కున్న ఏడు ఒకటుంది. గజ్జి వేళ్ళ సందుల్లో పుడుతుంది, నడుము చుట్టూ పాకుతుంది, ఒళ్ళు వెచ్చబడితే పిచ్చెక్కినట్టు దురద పెడుతుంది. నా వేళ్ళ సందులు చూడండి, పసిబిడ్డ వేళ్ళలా ఉన్నాయి. నాకు వచ్చేవి బొబ్బలు. చేతుల వెనకవైపున, నుదుటి మీద, చెవుల అంచున. దురద కాదు, మంట. ఆకుబుట్ట అంచు తగిలితే చాలు, తోలు ఉల్లిపొరలా ఊడి వస్తుంది. పద్నాలుగు నెలలుగా ఇదే తంతు.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, దాచను. వైద్యం గదికి మురికి ఒళ్ళుతో ఎవరైనా పోతారా? బొబ్బలన్నీ ముల్లుతో పొడిచి, నీరు పిండి, వేపనూనె, పసుపు పట్టించుకుని పోయి అద్దం ముందు నిలబడ్డాను. కామెర్లు అంది. ఇంటికొచ్చి పసుపు కడుక్కుని మళ్ళీ పోయాను. అప్పటికి మిగిలినవి ఎండిన పక్కులే. గజ్జి అంది. ఆనాటి నుంచి ఆ మాట పట్టుకుని వదల్లేదు. మనిషి చూస్తే చెయ్యి తిప్పి చూస్తాడు, నొక్కి చూస్తాడు, ఎప్పటినుంచి అమ్మా అంటాడు. అద్దానికి పన్నెండు ప్రశ్నలున్నాయి. పదమూడోది లేదు.

మూడో రోజు

వేరుగది నాలుగు అడుగుల వెడల్పు. గోడలు నాపరాయి. తలుపులో ఒక చిన్న కిటికీ. రోజుకు రెండు పూటలు కాంపౌండరు ఖాజాబీ ఆ కిటికీలోంచి అన్నం గిన్నె, పూత మందు ఇస్తుంది. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. ఆ నెమ్మదే నాకు మంట.

"అవ్వా, మందు పూసుకో."

"ఈ మందు నాది కాదే."

"అద్దం రాసింది కదవ్వా. పూసుకోలేదంటే అది కూడా రాస్తాది."

"నువ్వు నా చెయ్యి చూసినావా? నీ కండ్లతో చూసినావా? అద్దం చూసింది అంటావు, అద్దం చెప్పింది అంటావు. దేవుడు నీకు కండ్లు యాల ఇచ్చినాడు, కాటుక పెట్టుకునేకా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. కాసేపు కిటికీలోంచి నా చేతులు చూసింది. "వేళ్ళ సందులు బాగుండాయి" అని మాత్రం అని పోయింది. పద్నాలుగు నెలల్లో ఒక మనిషి నా వేళ్ళ సందులు చూడడం అదే మొదటిసారి.

నా మీద ఫిర్యాదు పెట్టింది తిప్పక్క. నా గదిలోనే ఆరేళ్ళు పక్క మంచం మీద పడుకున్న మనిషి. తనకు దురద పుట్టిందట, నావల్లే పుట్టిందట. ఇది కూడా కాగితంలో ఉండనీ.

నాలుగో రోజు

ఈరోజు చెప్పేది జాగ్రత్తగా రాయి పెట్టే.

ఆకుశాల మడులకు ఎరువు మనమే. రాత్రి ఉచ్చ పోసుకునే ముంత ఎవరిది వాళ్ళకుంటుంది. తెల్లారి దీపాలు వెలగకముందే ఆడవాళ్ళం ఆ ముంతలు తీసుకుపోయి ఎరువు తొట్టిలో ఒంపి, పది వంతుల నీళ్ళు కలిపి, గిర్రున వెనక్కి వచ్చేస్తాం. చీకట్లోనే. అది సిగ్గు, అది మర్యాద. ఒకరి ముంత ఒకరు చూడరు. ఆ తర్వాత ఊదా దీపాలు వెలుగుతాయి, పది గంటలపాటు ఆరవు. దిగినప్పటి నుంచి ఇదే ఆనవాయితీ.

ఇప్పుడు నేను అంటుజబ్బు మనిషిని. నా ముంత అందరి తొట్టిలో పడకూడదట. అందరూ పోశాక, దీపాలు వెలిగాక, చేతులకు గుడ్డ చుట్టుకుని, ఆకుశాల చివర ఉన్న మురుగు గుంటలో నేనొక్కదాన్నే ఒంపి రావాలట. ఈ రూలు పెట్టిన వాడెవడో వాడికి దండం.

ఎందుకంటే ఈరోజు నేను ఊదా దీపం కింద మూత తీశాను. ముంతలో నిప్పు ఉంది.

నిప్పంటే వేడి కాదు, రంగు. కొలిమిలో నిప్పుకణిక ఎలా ఉంటుందో అలా, ఎర్రగా, లోపలి నుంచి వెలుగుతోంది. ముంత కదిలిస్తే ఆ వెలుగు కూడా కదిలింది. దాదాపు కింద పడేశాను. రక్తమేమో అనుకున్నాను మొదట. కానీ పద్నాలుగేళ్ళుగా ఆ దీపాల కింద కొడవలితో కోత కోసి, ఎన్నిసార్లు వేలు తెగిందో లెక్కలేదు. ఊదా దీపం కింద రక్తం నల్లగా కనిపిస్తుంది, తారు లాగా. ఇది నలుపు కాదు. గదికి తెచ్చి మామూలు దీపం కింద చూశాను. డికాక్షన్ రంగు, అంతే. మళ్ళీ ఊదా దీపం కిందికి పోయాను. నిప్పు.

ఇలా ఎన్నాళ్ళుగా వెలుగుతోందో ఎవరికి తెలుసు? చీకట్లో పోసి వచ్చేవాళ్ళం.

ఐదో రోజు

ఖాజాబీని మురుగు గుంట దగ్గరికి పిలిచి, ఊదా దీపం కింద చూపించాను. నోరు తెరిచింది, మూయలేదు.

"ఏం తిన్నావవ్వా?"

"నువ్వు కిటికీలోంచి పెట్టిందే తిన్నా. ఇనుము కలిపిన బియ్యం, తోటకూర పులుసు. నువ్వూ అదే తిన్నావు కదా, నీ ముంత తెచ్చి పెట్టు ఈడ."

ఆమె ముఖం కందిపోయింది. "ఛీ, ఊరుకో అవ్వా." కానీ కాసేపటికి తిరిగి వచ్చింది, కొంగు కింద గాజు సీసా దాచుకుని. పక్కపక్కన పెట్టాం. ఆమెది ఊదా వెలుగులో నీళ్ళలాగే ఉంది. నాది అగ్గి.

నా సీసా తీసుకుపోయి అద్దం కింద పెట్టిందట. చక్కెర లేదు, ఉప్పు సరిగా ఉంది, ఏ దోషమూ లేదని రాసిందట. దానికి తెల్ల దీపం ఒక్కటే ఉంది మరి.

ఏడో రోజు

ఖాజాబీకి ముందు పనిచేసిన కాంపౌండరు ఒక చర్మం జబ్బుల పుస్తకం వదిలి పోయాడట, అచ్చు పుస్తకం. అద్దం వచ్చాక దాన్ని ఎవరూ తెరవలేదు. బీరువా కాలు పొట్టిదైతే దాని కింద ఎత్తుకు పెట్టారు. ఆమె బీరువా ఎత్తి దాన్ని లాగింది. సగం అట్ట చెదలు తినేసింది. చివరి వైపున అరుదైన జబ్బుల భాగం ఉంది, అందులో ఒక బొమ్మ. గాజు గొట్టంలో అచ్చం నా ముంతలోని నిప్పు. ఆ బొమ్మను కిటికీలోంచి నాకు చూపించింది.

జబ్బు పేరు పోర్ఫిరియా. నా నోట సరిగా పలకదు, పెట్టె సరిగా రాస్తుందిలే. ఒంట్లో రక్తం తయారయ్యే దారిలో ఒక చోట పని ఆగిపోతుందట. సగం తయారైన సరుకు తోలు కింద చేరి, వెలుతురు తగిలితే మండి బొబ్బ కడుతుందట. మిగిలింది మూత్రంలో పోతుందట. ఒంట్లో ఇనుము ఎక్కువైతే జబ్బు ముదురుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటదు! ఆ ముక్క ఆమె చేత మూడుసార్లు చదివించుకున్నాను.

"మందేంది?"

"రక్తం తీయాలవ్వా. పదిహేను దినాలకొకసారి కొంచెం కొంచెం. రక్తంతో పాటు ఇనుము పోతాది. ఇనుప బియ్యం మానాల. చేతులకు, ముఖానికి వెలుతురు తగలకుండా కప్పుకోవాల."

"అయితే తీయి."

"సూదుల బీరువా నా చేతిలో ల్యా. అద్దం జబ్బు పేరు చెప్తేనే తెరుచుకుంటాది."

"వెలుతురంటే ఏ వెలుతురు?"

ఆమె పుస్తకంలో వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. "ఎండ, అని రాసుండాది. ఎండలో ఉండే ఊదా వెలుగు." ఆగింది. ఇద్దరం ఆకుశాల వైపు చూశాం. దీపాలు వెలుగుతున్నాయి.

ఎండలో ఏ ముక్క నా తోలుకు పడదో, ఆ ముక్కనే ఏరి తెచ్చి మన నెత్తిన వేలాడదీశారు, ఆకులు బాగా పెరుగుతాయని. దాని కింద నేను పద్నాలుగేళ్ళు చేతులు చాపి పనిచేశాను. ఇప్పుడు ఆ ముక్క చాలదని మొత్తం ఎండలోకే పంపుతామంటున్నారు.

ఎనిమిదో రోజు

అద్దం ముందు నిలబడ్డాను. ముసుగు వేసి, వెనకదారిన తీసుకుపోయింది ఖాజాబీ. ఈసారి పసుపు లేదు, పొడుచుకోలేదు, నిండు బొబ్బలతో పోయాను. దాని మాట నాకు కంఠతా వచ్చు.

"మీరు గత నెల రోజుల్లో ఎండలోకి వెళ్ళారా?"

"లేదు."

"ధన్యవాదాలు. ఎండ వల్ల వచ్చే వ్యాధులను పరిశీలన నుంచి తొలగించాను."

"ఎందుకు తొలగించినావు? దీపాల సంగతి అడగవేం?"

"దయచేసి అవును లేదా లేదు అని చెప్పండి."

"నీ బొంద! పైన ఎండ, కింద దీపం, తోలుకు రెండూ ఒకటే!"

"దయచేసి అవును లేదా లేదు అని చెప్పండి."

ఖాజాబీ నా చెవిలో గొణిగింది. "అవునని చెప్పవ్వా. అబద్ధమైనా పరవాల్యా. ఎండ అంటే ఆ జబ్బు వైపు పోతాది." డెబ్బై ఏళ్ళ మీద ఒక యంత్రంతో అబద్ధమాడడం నాకు సమ్మతం కాదు. అయినా మొదటి నుంచి మొదలుపెట్టి, ఎండ దగ్గరికి రాగానే అవునన్నాను.

"మీ పేరున పైకి వెళ్ళే అనుమతి నమోదు కాలేదు. మీ సమాధానం చెల్లదు. అనుమతి లేకుండా పైకి వెళ్ళడం నేరం. ఈ విషయం కమిటీకి తెలియజేయబడింది. మీ వ్యాధి: గజ్జి. పూత మందు ఏడు రోజులు."

సొరుగు తెరుచుకుంది. అదే మందు డబ్బా. తీసి అద్దం మొహాన కొట్టాను. అద్దం పగల్లేదు. ఇది కూడా కాగితంలో రాయి. కొట్టానని ఒప్పుకుంటున్నాను.

పన్నెండో రోజు

ఆకుశాల మేస్త్రి మద్దిలేటిని రమ్మన్నాం. మంచివాడే, పనిలో దయగలవాడు. కానీ రూలు అంటే వాడికి తల్లిపాలు. నా ముంత ఊదా దీపం కింద పెట్టి మూత తీశాను. కళ్ళు పెద్దవి చేశాడు, తర్వాత నవ్వాడు.

"ఏందవ్వా, నాకే ఆటలు చూపిస్తాండావు?"

"ఆటేందిరా?"

"ఆకు స్పిరిట్‌లో నూరి ఈ దీపం కింద పెడితే ఎర్రగా మెరుస్తాది. మా పిల్లోళ్ళంతా ఆడుకునేది అదే. ఆకు పసరు కలిపినావు దీంట్లో."

నాకు ఆ సంగతే తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఆకుతో బతికినదాన్ని, ఆకుతో ఆడుకోలేదు. "నేను వేరుగదిలో ఉండానురా. నాకు స్పిరిట్ ఎవరిస్తారు?"

మద్దిలేటి నా వైపు చూడలేదు. ఖాజాబీ వైపు చూశాడు. స్పిరిట్ సీసాల తాళం ఆమె దగ్గరే ఉంటుంది మరి.

"నేను ఏమీ ఈలేదన్నా" అంది.

"ఇచ్చినావని నేను అనలేదు కదమ్మా" అన్నాడు వాడు. అనకుండా అనడం ఎలాగో వాడి దగ్గర నేర్చుకోవాలి.

పదమూడో రోజు

ఖాజాబీ రాలేదు. కిటికీలోంచి అన్నం వేరే ఎవరో తోశారు. ఇనుప బియ్యమే. తినను. తోటకూర ఏరుకుని తిన్నాను.

పదిహేనో రోజు

రాలేదు. ఎడమ చెవి మీది బొబ్బ పగిలింది. చెప్పడానికి ఏమీ లేదు. విన్నావా పెట్టే? పచ్చ దీపం పెట్టుకుని వింటున్నావు, రాస్తున్నావు. వాళ్ళు చదువుతున్నారా? పద్నాలుగు నెలలుగా ఇక్కడ అందరూ వింటున్నారు. వాళ్ళకు చెవుడు ఉన్నా బాగుండేది, అరిస్తే వినపడలేదని అనుకునేదాన్ని.

పదహారో రోజు

తిప్పక్క వచ్చింది. తలుపుకు నాలుగు అడుగుల దూరంలో నిలబడింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"సుంకులక్కా, నీ దుప్పటి నేను కాల్చేసినా. చెప్దామని వచ్చినా."

"మంచి పని చేసినావు. నీ దురద ఎట్లుంది?"

"తగ్గిపోయింది."

"ఎన్ని దినాల్లో?"

"ఆ పూత మందుతో ఐదు దినాలకే."

"చెయ్యి చూపి."

దూరం నుంచే చాపింది. వేళ్ళ సందుల్లో మానిన మచ్చలు, సన్నగా, చీమ నడిచిన దారుల్లా. అది గజ్జి. అసలైన గజ్జి అంటే అది.

"తిప్పక్కా, అదే మందు నేను మూడు విడతలు పూసినా. నీకు ఐదు దినాల్లో పోయింది నాకు పద్నాలుగు నెలల్లో ఎందుకు పోల్యా? ఒకటే జబ్బయితే ఒకటే మందుకు పోవాల కదా. నీ గజ్జి ఎవరిదో, నాది మాత్రం కాదు."

కొంగు కొంచెం కిందికి దింపింది. "మరి నాకెట్ల వచ్చింది?"

"పోయిన నెల మీ చెల్లెలి గదిలో నాలుగు దినాలు పడుకున్నావు. పోయి ఆమె వేళ్ళు చూడు, పో."

ఇరవై ఒకటో రోజున నా తరఫున సాక్షిగా నిలబడమని అడిగాను. తల అడ్డంగా ఆడించింది. "నేనే ఫిర్యాదు పెట్టి నేనే సాక్షం చెప్తే జనం నవ్వరా?" అని పోయింది. ఆరేళ్ళు పక్క మంచం.

పంతొమ్మిదో రోజు

స్టోరు నుంచి మనిషి వచ్చి నా తల కొలత తీసుకుపోయాడు, ఎండ టోపీకి. నా పాదాల కొలత కూడా. కమిటీ ఇంకా కూర్చోనే లేదు. "ఇంకా తీర్పు ఈలేదు కదప్పా" అన్నాను. "కొలతలు ముందు తీసి పెట్టుకుంటే పని తేలిక అవ్వా" అన్నాడు, చాలా మర్యాదగా.

ఖాజాబీ వచ్చింది ఆ తర్వాత. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. స్పిరిట్ సీసాలు స్టోరు వాళ్ళ చేత లెక్కపెట్టించిందట, సంతకం చేయించుకుందట, ఒక్క చుక్క తగ్గలేదట. ఆ కాగితం నా చేతిలో పెట్టింది. "నాకు చదవడం రాదు కదే" అన్నాను. "చదివేది నువ్వు కాదు అవ్వా, వాళ్ళు" అంది. ఆ పిల్లలో నేను కోపం చూడడం అదే మొదలు. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇరవై ఒకటో రోజు

పెట్టె ఇప్పుడు కమిటీ బల్ల మీదే ఉంది. జరుగుతున్నది జరుగుతున్నట్టే చెబుతున్నాను.

కమిటీలో ముగ్గురు. పెద్ద జయరామప్ప మధ్యలో. ఆఫీసు గదిలో కూర్చున్నారు, తెల్ల దీపం కింద. నా వెనక చూడడానికి వచ్చిన జనం. ఆకుశాలకు రండి అన్నాను. రామన్నారు. నా ముంత సంగతి మొదలుపెట్టగానే జయరామప్ప మొహం చిట్లించాడు.

"ఇదేం పద్ధతి సుంకులమ్మా? కమిటీ ముందర ఉచ్చ మాటలా?"

"పద్నాలుగేండ్లు నా ఉచ్చతో పెరిగిన తోటకూర తిన్నావు కదప్పా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడు యాడ నుంచి వచ్చింది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జయరామప్ప లేచాడు. అందరం ఆకుశాలకు నడిచాం, పెట్టెతో సహా. నేను ముఖానికి, చేతులకు గుడ్డలు చుట్టుకుని దీపాల కిందికి వచ్చాను.

మద్దిలేటి పసరు మాట చెప్పాడు. ఖాజాబీ సీసాల లెక్క కాగితం చదివింది. మద్దిలేటి ఒప్పుకోలేదు, ఇంటి నుంచి ఎవరైనా తెచ్చి ఇచ్చి ఉండొచ్చు అన్నాడు. అప్పుడు నేను అన్నాను:

"ముంత వద్దు. ఖాళీ గాజు సీసా తెండి. మీ అందరూ కడిగి చూసుకోండి. నేను ఇప్పుడే, మీరు కూర్చున్నంతలోనే నింపి ఇస్తా. లోపలికి నాతో పాటు ఒక మనిషిని పంపండి. ఈ ఊర్లో నా మీద అనుమానం అందరికన్నా ఎక్కువ ఎవరికుండాదో ఆ మనిషిని. ఫిర్యాదు పెట్టిన తిప్పక్కను పంపండి."

తిప్పక్క బెదిరిపోయింది. "నేనా?" అంది. జయరామప్ప చేత్తో పొమ్మన్నాడు.

మూడు చెంబుల నీళ్ళు తాగాను. ముసలి ఒళ్ళు, చెప్పగానే వినదు. కమిటీ మడుల గట్ల మీద కూర్చుంది. తిప్పక్క నా కొప్పు విప్పి చూసింది, గాజులు తీయించింది, నోట్లో వేలు పెట్టి చూసింది. చేతి గుడ్డలు తానే విప్పింది, ముట్టుకుంటుందని అనుకోలేదు నేను. నా చేతుల వెనక తోలు చూసింది, వేళ్ళ సందులు చూసింది. చాలాసేపు ఇద్దరం తడిక వెనక నిలబడ్డాం.

"వస్తాందా?" అంది.

"నువ్వట్ల గుడ్లు మిటకరించి చూస్తే ఎవరికొస్తాదే?"

నవ్వింది. అటు తిరిగింది కానీ సీసా మీద నుంచి చెయ్యి తీయలేదు. అంత గట్టి సాక్షి ఆమె.

సీసా ఆమే పట్టుకుని బయటికి వచ్చింది. నేను వెనక. ఆమె దీపం కిందికి అడుగు పెట్టగానే ఆమె పిడికిట్లో అగ్గి రాజుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి వెలుగు. మద్దిలేటి దగ్గరికి వచ్చి వంగి చూశాడు, వాసన చూశాడు, లేచి నిలబడి తల మీది తుండు తీశాడు. "పసరు కాదప్పా" అన్నాడు జయరామప్పతో. "నేను తప్పు మాట్లాడినా."

ఖాజాబీ పుస్తకంలోని ముక్క చదివింది. అంటదు అన్న చోట గొంతు పెంచింది. ముగ్గురూ బొమ్మ చూశారు, సీసా చూశారు, తలలు దగ్గరికి చేర్చి గొణుక్కున్నారు. తర్వాత జయరామప్ప చెప్పాడు. పైకి పంపే ఉత్తర్వు రద్దు. సూదుల బీరువా కమిటీ తాళంతో తెరుస్తారు. నాకు ఇనుము లేని బియ్యం ఇస్తారు, దీపాలు లేని కొట్టంలో విత్తనాలు చెరిగే పని ఇస్తారు. అద్దం రాతలో మాత్రం గజ్జి అలాగే ఉంటుందట, దాన్ని చెరిపే దారి లేదట. సరే, దాని ఖర్మ.

అందరూ లేవబోతున్నారు. నా ప్రాణం తేలికపడాల్సిన సమయం అది. అప్పుడే తిప్పక్క సీసా ఇంకా చేతిలో పట్టుకుని, నా చేతుల వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా అంది.

"పుల్లమ్మ చేతులు కూడా ఇట్లనే ఉండె."

"ఏ పుల్లమ్మ?" అన్నాను.

"నాలుగో ఆకుశాల పుల్లమ్మ. గజ్జి అని రెండేండ్ల కింద పైకి పంపినారు కదక్కా. చేతుల వెనక బొబ్బలు. వేళ్ళ సందులు బాగుండె. నేనే ఆమె మూట కట్టిచ్చినా."

జయరామప్ప గొంతు సవరించుకున్నాడు. "అది వేరే కేసు. ఇప్పుడు నీ కేసు అయిపోయింది సుంకులమ్మా. వేలిముద్ర వేసి పోయి పడుకో."

బొటనవేలికి సిరా పూసి, కాగితం నా ముందుకు తోశాడు. వాదన చెప్పుకున్న మనిషి ముద్ర పడనిదే కమిటీ లేవడానికి లేదు. అది వాళ్ళు పెట్టుకున్న రూలే. నేను వేలు పైకెత్తి అలాగే పట్టుకున్నాను.

"గజ్జి తగ్గల్యా అని ఇంతవరకు పైకి పంపినోళ్ళు ఎంతమంది?"

"పదకొండు మంది" అన్నాడు మద్దిలేటి, జయరామప్ప చూపు పట్టించుకోకుండా.

"పేర్లు చదవండి. ఒక్కో పేరుకు, ఎవరైనా వాళ్ళ చేతులు చూసినోళ్ళుంటే చెప్పాల. చేతుల వెనక బొబ్బలుండి, వేళ్ళ సందులు బాగున్న ప్రతి మనిషి దగ్గరికి ఖాజాబీ సీసా తీసుకుని పైకి పోవాల, మోసే ఊదా దీపం ఒకటి తీసుకుని. అది ఈ కాగితంలో రాసినాకనే నా ముద్ర."

"రోజంతా పడుతుంది సుంకులమ్మా."

"కూర్చో జయరామప్పా. నేను పద్నాలుగు నెలలు కూర్చున్నా."

కూర్చున్నాడు. మద్దిలేటి పాత పుస్తకం తెచ్చి గట్టు మీద విప్పాడు. మొదటి పేరు చదివాడు. ఎనిమిదో ఆకుశాల, బాలనాగమ్మ. వెనక నుంచి ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"చేతుల వెనకనా, వేళ్ళ సందుల్లోనా?" అని అడిగాను.

"చేతుల వెనక" అన్నాడు. "చెవుల మీద కూడా."

ఖాజాబీ రాసుకుంది. తర్వాత పేరు చదువు అన్నాను. ఇంకా పది ఉన్నాయి. వేలి మీద సిరా ఆరిపోయింది. ఆరనీ, మళ్ళీ పూయించుకుంటాను.